చలికి పొద్దుగాల లేవని పాత డీజిల్ జీపు: బోర్ చేయించాల్సిందేనా?

ప్రశ్న, ఉట్నూరు నుంచి:
అన్నలూ, మాది పాత డీజిల్ ఫోర్ వీల్ జీపు, పెజో ఇంజను. ఎండకాలం ఒక్క సెల్ఫుకే లేస్తది. సంక్రాంతి ముంగట చలి ముదిరినప్పటి నుంచి పొద్దుగాల ఎంతసేపు సెల్ఫ్ కొట్టినా అందుకుంటలేదు. తెల్లపొగ మాత్రం దండిగా వస్తుంది. నలుగురం తోస్తే లేస్తది, వేడెక్కినంక రోజంతా ఏ బాధ లేదు. మెకానిక్ చూసి కంప్రెషన్ పోయింది (సిలిండర్లు అరిగి గాలిని గట్టిగ నొక్కుతలేవు), బోర్ చేయించాలె, అంటే సిలిండర్ల లోపల మళ్ళ తొలిపించాలె అంటున్నడు. డీజిల్‌ల కిరోసిన్ కలుపుమని పక్కింటాయన సలహా. ఏం చేయాలె?

జవాబు, హనుమకొండ నుంచి:
తమ్మీ, బోర్ మాట ఇప్పుడే వద్దు. నువ్వు రాసిన దాంట్లనే సగం జవాబున్నది. తెల్లపొగ వస్తుందంటే డీజిల్ సిలిండర్ దాకా పోతున్నది, కాలకుండనే ఆవిరై బయటపడుతున్నది. అంటే లోపల వేడి చాలుతలేదు. అసలు పొగే రాకుంటే అప్పుడు ఫిల్టరు, పంపు దిక్కు చూడాలె.

పెజో ఇంజన్‌ల డీజిల్ నేరుగా పిస్టన్ మీద పడదు, హెడ్డుల (సిలిండర్ల మీది మూతల) ఉన్న చిన్న గదిలోకి చిమ్ముతది. ఆ గది గోడలు చల్లగుంటే, గాలిని నొక్కితే పుట్టిన వేడిని అవే గుంజుకుంటయి. అందుకే ఆ గదిని కరెంటుతోని ముందే వేడిచేసేటందుకు ఒక్కో సిలిండరుకు ఒక హీటర్ ప్లగ్గు పెట్టిన్రు. ఎండకాలం నాలుగింట్ల రెండు కాలిపోయినా బండి లేస్తది కాబట్టి నీకు తెల్వదు.

ముందు ప్లగ్గులు చూడు. అన్నింటినీ కలిపే పట్టీ ఇప్పి పక్కకు పెట్టు. ఇది మర్చిపోవద్దు, పట్టీ ఉండంగ చూస్తే ఒక్కటి బాగున్నా నాలుగూ బాగున్నట్టే కనిపిస్తయి. టెస్ట్ లైటు క్లిప్పు బ్యాటరీ ప్లస్సుకు పెట్టి, మొనను ఒక్కో ప్లగ్గు తలకు ఆనించు. వెలగకుంటే ఆ ప్లగ్గు లోపలి తీగ తెగినట్టే. తర్వాత పట్టీ మళ్ళ బిగించి, హీటర్ ఆన్ చేసి పట్టీ మీద వోల్టులు చూడు. బ్యాటరీ దగ్గర ఉన్నదానికి ఇక్కడ బాగా తక్కువ వస్తే రిలే (ప్లగ్గులకు కరెంటు పంపే స్విచ్చు) గానీ వైరు గానీ పోయింది. కొత్త ప్లగ్గులు కొన్నా అప్పుడు లాభం లేదు.

పాత ప్లగ్గులు ఇప్పేటప్పుడు ఇంజన్ గోరువెచ్చగుండాలె. ముందురోజే తుప్పు వదిలే నూనె కొట్టి పెట్టు. మొండిగ తిప్పితే మొన విరిగి హెడ్డులనే ఉండిపోతది, అప్పుడు నిజంగనే హెడ్డు దింపాల్సి వస్తది. పాతదాని మీద ఎన్ని వోల్టులని రాసి ఉన్నదో చూసి అదే కొను.

ఇగ సెల్ఫ్ సంగతి. డీజిల్ ఇంజన్ జోరుగ తిరిగితేనే గాలి వేడెక్కుతది. చలికి బ్యాటరీ బలం తగ్గుతది, ఆయిలు చిక్కబడుతది, రెండూ కలిసి సెల్ఫును నెమ్మది చేస్తయి. రాత్రంతా ఆగిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపించాలె. సెల్ఫ్ కొడుతుంటే 9.6 కంటే కిందికి పడితే బ్యాటరీని అనుమానించు. పాత జీపులల్ల ఎవ్వరూ చూడనిది ఎర్త్ తీగ. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూసుంటది కాబట్టి కరెంటుకు ఆ తీగే దారి. మీటరు ఒక మొన బ్యాటరీ మైనస్‌కు, ఇంకోటి ఇంజన్ ఇనుముకు పెట్టి సెల్ఫ్ కొట్టించు. అర వోల్టు దాటితే తీగ తీసి రెండు కొసలు గీకి బిగించు.

కిరోసిన్ వద్దు. డీజిల్ పంపుకు నూనె కూడా డీజిలే, కిరోసిన్‌కు ఆ జిడ్డు లేదు. చలికి డీజిల్ గడ్డకట్టుడు లడఖ్ బాధ. అక్కడికోసం ఇండియన్ ఆయిల్ 2019ల మైనస్ 33 డిగ్రీల చలిల కూడా పారే డీజిల్ తెచ్చింది. ఉట్నూరు చలి అంత దూరం పోలేదు.

మంచిర్యాల నుంచి:
మా దగ్గర ట్రాక్టర్లోళ్ళు గుడ్డకు నిప్పంటించి గాలి పైపు దగ్గర పెడుతరు, లేస్తది. స్టార్టింగ్ స్ప్రే కూడా దొరుకుతది.

హనుమకొండ:
లేస్తది అన్నా, కాదనను. ఎయిర్ ఫిల్టరు అంటుకుంటే మాత్రం బండి మొత్తం పోతది. స్ప్రే ఇంకా ప్రమాదం. హీటర్ ప్లగ్గు ఎర్రగున్నప్పుడు ఆ స్ప్రేల ఉండే ఈథర్ లోపలికి పోతే పిస్టన్ పైకి రాకముందే పేలుతది, రింగులు విరుగుతయి. హీటర్ ప్లగ్గుల బండికి అది అస్సలు కొట్టొద్దు.

ఉట్నూరు:
చూసిన అన్నా. మూడు ప్లగ్గులకు లైటు వెలగలేదు. ఎర్త్ తీగ ఒక కొస పచ్చగ చిలుము పట్టి ఉన్నది. తీగ మార్చిన, నాలుగు ప్లగ్గులూ కొత్తవి వేసిన. ఇప్పుడు హీటర్ వేసి కొద్దిగ ఆగి సెల్ఫ్ కొడితే లేస్తుంది. కానీ లేచినంక కొంచెంసేపు ఒక సిలిండర్ కొట్టనట్టు వణుకుతది, పొగ కూడా ఉంటది.

హనుమకొండ:
ఒక నిమిషంల సర్దుకుంటే దాన్ని పట్టించుకోకు. రేస్ చేయకుండ వేడెక్కనియ్యి. ఆయిల్ మార్చేటప్పుడు ఇప్పుడున్నది 20డబ్ల్యూ-40 అయితే చలికి అంతకంటే తక్కువ చిక్కబడే 15డబ్ల్యూ-40 వేసి చూడు, పొద్దుగాల సెల్ఫ్ తేలికైతది. వేడెక్కినంక కూడా వణుకుడు పోకుంటే డీజిల్ చిమ్మే నాజిళ్ళు ఇప్పించి టెస్ట్ బెంచి మీద అవి సరిగ్గ చిమ్ముతున్నయా చూపించు, వాటితోని పాటు నాలుగు సిలిండర్ల కంప్రెషన్ గేజి పెట్టించి చూడు. ఆ నాలుగు రీడింగులు ఇక్కడ రాయి.