సెమినార్ హాల్లోనే డబ్బు కట్టించుకోవడం: గట్టి అమ్మకమా, మోసమా?

నిదానం

చర్చకు పెడుతున్న ప్రశ్న ఒకటే. "ఆన్‌లైన్ బిజినెస్‌తో సులువుగా డబ్బు" అంటూ ఉచిత సెమినార్ పెట్టి, చివర్లో ఖరీదైన కోర్సు అమ్ముతారు కదా. ఆ కోర్సుకు అదే రోజు, అదే హాల్లో డబ్బు తీసుకోకుండా చట్టం ఆపాలా, వద్దా? కోర్సు మంచిదా చెడ్డదా అన్నది కాసేపు పక్కన పెడదాం. నా మటుకు నేను ఆపాలనే అంటాను.

ఈమధ్య మా తమ్ముడికి తోడుగా వెళ్లి అలాంటిదొకటి చూసొచ్చాను. వ్యాపారం గురించి చెప్పింది గోరంత. మిగతాదంతా ఆ వక్తగారి కారు, ఆయన అప్పుల రోజులు, వాళ్లమ్మగారు కన్నీళ్లు పెట్టుకున్న సంగతి. తర్వాత తెరమీద ఒక జాబితా పడింది. కోర్సు విలువ ఇంత, టెంప్లేట్ల విలువ ఇంత, పర్సనల్ మెంటరింగ్ విలువ ఇంత అని ఒక్కొక్కటీ కూడుకుంటూ పోయారు. ఆ విలువలు కట్టింది ఎవరని ఎవరూ అడగలేదు. మొత్తం కొట్టేసి సగం అన్నారు, సగం కొట్టేసి పావు అన్నారు, ఆఖరికి "ఈ గదిలో ఉన్నవాళ్లకే, ఈ పదిహేను నిమిషాలే" అని ఒక అంకె వేశారు. పక్కన గడియారం వెనక్కి తిరగడం మొదలైంది. పాట సౌండ్ పెంచారు. వెనక టేబుళ్ల దగ్గరికి నలుగురైదుగురు పరిగెత్తారు, వాళ్లను చూసి మిగతావాళ్లు లేచారు. కూరగాయలు కూడా బేరం చేయకుండా కొనని మా తమ్ముడు పర్సు బయటికి తీశాడు. బయటికెళ్లి మాట్లాడదాం రా అని చెయ్యి పట్టి లాక్కొచ్చాను.

ఆ పదిహేను నిమిషాల్లో మనిషి లెక్క వేసుకోలేడు. వేసుకోకూడదనే కదా ఆ గడియారం పెట్టింది.

సొంతకాళ్లు

నిదానం గారూ, మీరు కొనలేదు, వచ్చేశారు. అంటే తలుపు తెరిచే ఉంది కదా! ఎవరూ కట్టేసి కూర్చోబెట్టలేదు.

నేను ఇలాంటి సెమినార్‌లోనే కోర్సు కొన్నాను. ఆన్‌లైన్‌లో యాడ్స్ ఎలా పెట్టాలి, ఎవరికి చూపించాలి, ఖర్చు ఎక్కడ ఆపాలి అన్నీ అక్కడే నేర్చుకున్నాను. ఇప్పుడు చిన్న షాపు నడుపుతున్నాను. కోటీశ్వరుణ్ణి కాలేదు, నష్టపోనూ లేదు. నాతోపాటు కట్టినవాళ్లలో చాలామంది రెండో వీడియో కూడా తెరవలేదు. జిమ్‌కు ఏడాది ఫీజు కట్టి వెళ్లనివాడు ఒళ్లు తగ్గలేదని జిమ్ మీద పడితే ఏమంటాం?

ఒత్తిడి అంటారా, ఏ అమ్మకంలో లేదు? పండగ ఆఫర్ రాత్రి పన్నెండింటికి ముగియదా? పెద్దవాళ్లం, సంతకం పెట్టేముందు ఆలోచించే బాధ్యత మనది.

వెనక టేబుల్

ఆ వెనక టేబుళ్ల దగ్గర కూర్చునే ఉద్యోగం కొన్నాళ్లు చేశాను. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. లోపల జరిగేది చెబుతాను, ఎటువైపు ఉండాలో మీరే తేల్చుకోండి.

పొద్దుటి నుంచి "ఎవరికి అదనపు ఆదాయం కావాలి? చేతులెత్తండి" అని ఊరికే అడగరు. పదిసార్లు చెయ్యెత్తినవాడికి పదకొండోసారి కాదనడం మొహమాటం. బ్రేకులు కావాలనే చిన్నవిగా ఉంటాయి, జనం బయటికెళ్లి ఒకరితో ఒకరు మాట్లాడుకుంటే వేడి తగ్గిపోతుందని. మాకు అభ్యంతరాల షీటు ఒకటి ఇచ్చేవారు. "డబ్బుల్లేవు" అంటే: అందుకే కదండీ మీకిది కావాలి. "ఆలోచించి చెబుతా" అంటే: ఇన్నేళ్లు ఆలోచించి ఏం సాధించారు? "మా ఆవిణ్ణి అడగాలి" అంటే: సర్‌ప్రైజ్ ఇస్తారా, పర్మిషన్ అడుగుతారా? ఈ మూడోదానికి మగవాళ్లు ఇట్టే పడిపోయేవారు. నాకు ఒళ్లుమండేది కూడా దీనికే.

కార్డు లిమిట్ చాలకపోతే అక్కడే బ్యాంకుకు ఫోన్ చేయించి పెంచమని అడిగించేవాళ్లం. దానికి "వ్యాపారానికి పెట్టుబడి సమకూర్చుకునే అభ్యాసం" అని పేరు. ఆ పెరిగిన లిమిట్ వ్యాపారం దాకా వెళ్లేది కాదు, మా మెషీన్‌లోనే గీకేవాళ్లం.

ఇంకొకటి. ఆ రోజు కట్టకుండా వెళ్లినవాళ్లకు మర్నాడు ఫోన్లు చేయమనేవారు. చాలామంది ఎత్తేవారే కాదు. ఎత్తినా "ఇంట్లో మాట్లాడుకున్నాం, వద్దులెండి" అనేవారు. అందుకే మాకు టార్గెట్లన్నీ ఆ గదిలో ఉండగానే.

లెక్కల పుస్తకం

సొంతకాళ్లు గారి జిమ్ పోలికతో నాకో పేచీ ఉంది. జిమ్‌వాడు కండల ఫోటో చూపిస్తాడు, ఆ కండలు నిజంగానే కండలు. సెమినార్‌లో చూపించే స్క్రీన్‌షాట్ ఏమిటి? స్టోర్ డ్యాష్‌బోర్డు. అందులో కనబడేది అమ్మకాల మొత్తం, లాభం కాదు.

ఊరికే ఊహించుకుని ఒక లెక్క వేద్దాం. డ్యాష్‌బోర్డులో 100 అమ్మకం కనబడింది. సరుకు ఖరీదు 40. పంపడానికి 15. యాడ్స్‌కు 35. తిరిగొచ్చిన సరుకు వల్ల 8. పేమెంట్ కంపెనీ కోత 3. మొత్తం 101. వంద అమ్మి ఒకటి చేతి నుంచి పెట్టుకున్నాడన్నమాట, అదీ తన కష్టానికి పైసా వేసుకోకుండా. ఇదే స్క్రీన్‌షాట్‌కు ఇంకో రెండు సున్నాలు తగిలించండి, అంకె చూసి హాలంతా చప్పట్లు. నష్టం కూడా రెండు సున్నాలు పెరిగిందని ఎవడికీ తోచదు.

వేదిక ఎక్కి "నా జీవితం మారింది" అనేవాళ్ల సంగతి కూడా అంతే. ఎక్కినవాళ్లు కనబడతారు. కట్టినవాళ్లందరి జాబితా అడగండి, మాట మారుస్తారు.

సొంతకాళ్లు

స్క్రీన్‌షాట్ల విషయంలో మీరన్నది కాదనను. లాభం చూపించకుండా అమ్మకం చూపించడం తప్పుదోవ పట్టించడమే. దానిమీద కేసులు పెట్టండి, నేనూ సంతకం పెడతాను. కానీ చర్చ మొదలైంది అదే రోజు డబ్బు తీసుకోవడం గురించి. అబద్ధం ఆడేవాడు నాలుగు రోజులాగి కూడా అబద్ధమే ఆడతాడు. అదే రోజు డబ్బు తీసుకోవద్దంటే నిజం చెప్పే మాస్టారుకు మాత్రం హాలు అద్దె కూడా రాదు. మనిషి స్వభావం మీకు తెలుసు, గడువు లేకపోతే ఏ పనీ చేయడు. నేనే ఆ రోజు కట్టకపోయుంటే ఈ జన్మలో మొదలుపెట్టేవాణ్ణి కాదు.

సెక్షన్లు చదివేవాడు

మీరిద్దరూ కొత్త చట్టం రాయాలన్నట్టు మాట్లాడుతున్నారు. దీనిమీద చాలాకాలం క్రితమే ఆలోచించిన దేశాలున్నాయి.

అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు కూలింగ్-ఆఫ్ నియమం, అంటే కొన్నాక మనసు మార్చుకునే వీలిచ్చే నియమం, 1970ల నుంచి ఉంది. అమ్మేవాడు తన మామూలు వ్యాపార స్థలంలో కాకుండా హోటల్ గదిలోనో కన్వెన్షన్ సెంటర్‌లోనో 130 డాలర్లు, ఆపైన అమ్మితే, కొన్నవాడు మూడు పనిదినాల్లో కారణం చెప్పనక్కర్లేకుండా రద్దు చేసుకోవచ్చు. రద్దు ఫారం అమ్మినవాడే చేతికివ్వాలి. సెమినార్‌కు అతికినట్టు సరిపోయే నియమం. చిల్లు ఎక్కడంటే, మొత్తం ఆన్‌లైన్‌లోనో ఫోన్‌లోనో జరిగిన అమ్మకానికి ఇది వర్తించదు. హాలు వదిలేసి వెబినార్, అంటే ఆన్‌లైన్ సెమినార్, పెడితే సరి, గడియారం అదే, పాట అదే, మూడు రోజులు మాయం.

యూరోపియన్ యూనియన్‌లో 2011 నాటి వినియోగదారుల హక్కుల డైరెక్టివ్ (సభ్యదేశాలు అమలు చేయాల్సిన ఆదేశం) ప్రకారం రద్దుకు 14 రోజులు. ఆన్‌లైన్ అమ్మకానికి కూడా ఉంది. అయితే డిజిటల్ కంటెంట్‌ను వెంటనే మొదలుపెట్టమని ఒప్పుకుని, దానివల్ల రద్దు హక్కు పోతుందని అంగీకరిస్తే అది పోయినట్టే. "ఇప్పుడే యాక్సెస్ ఇవ్వండి" పక్కన టిక్ పెట్టే గడి ఉంటుంది చూడండి, ఆ గడి ఉండేది ఎందుకో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

నిదానం గారి ప్రతిపాదనకు దగ్గరగా ఉన్నది మూడోది. అమెరికాలోనే 2012 నుంచి అమల్లో ఉన్న నియమం ప్రకారం వ్యాపార అవకాశం (డబ్బు కడితే సొంత వ్యాపారం మొదలుపెట్టిస్తామనే పథకం) అమ్మేవాళ్లు సంతకానికీ డబ్బుకూ కనీసం 7 రోజుల ముందు వివరాల పత్రం ఇవ్వాలి. ఇంత సంపాదించొచ్చు అని చెబితే దానికి ఆధారం కూడా రాసివ్వాలి. "మేం అమ్మేది వ్యాపారం కాదు, చదువు" అని తప్పించుకునేవాళ్లు అందుకే పుట్టుకొచ్చారు.

ఇక అబద్ధమాడేవాడికీ నిజం చెప్పేవాడికీ మధ్య గీత గురించి. 2018 జూన్‌లో ఆ కమిషన్ "మై ఆన్‌లైన్ బిజినెస్ ఎడ్యుకేషన్" అనే సంస్థ మీద కోర్టుకెళ్లింది. 49 డాలర్లతో మొదలయ్యే 21 మెట్ల "సిస్టమ్", మెట్టెక్కేకొద్దీ వేల డాలర్ల సభ్యత్వాలు. జనం దగ్గర 12.5 కోట్ల డాలర్లకు పైగా గుంజారన్నది ఆరోపణ. ఇంతకీ ఆ రహస్య సిస్టమ్ ఏమిటయ్యా అంటే, అవే సభ్యత్వాలను ఇంకొకరికి అమ్మి కమీషన్ తీసుకోవడం. కోర్టు దాన్ని ఆపించింది.

లెక్కల పుస్తకం

జిమ్‌కు వెళితే "కండలు పెరగాలంటే నలుగురికి మా జిమ్ సభ్యత్వం అమ్ము" అన్నట్టుంది.

కొత్త సభ్యురాలు

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. మా నాన్నగారు నిన్ననే ఇలాంటిచోట కార్డు మీద కట్టేశారు. ఇంట్లో చెప్పలేదు, మెసేజ్ చూసి నాకు తెలిసింది. అడిగితే కోపం. చాలా టెన్షన్‌గా ఉంది. డబ్బు వెనక్కి వస్తుందా?

వెనక టేబుల్

అమ్మా, ముందు నాన్నగారిని నిలదీయకు. పరువు పోయిందనుకుంటే మనిషి తన నిర్ణయాన్నే ఇంకా గట్టిగా వెనకేసుకొస్తాడు. మేం కూడా దానిమీదే బతికాం. "ఒప్పందం కాగితం ఒకసారి ఇద్దరం చదువుదాం నాన్నా" అను, అంతే.

ఆ కోర్సు లాగిన్ తెరవద్దు, తెరిస్తే సేవ వాడుకున్నారంటారు. రద్దు చేస్తున్నామని ఇవాళే ఈమెయిల్ పెట్టించు. ఫోన్‌లో చెబితే సాక్ష్యం ఉండదు. పైగా అక్కడ ఫోన్ ఎత్తేది మీరు రద్దు చేసుకోకుండా ఆపడానికి పెట్టిన మనిషే, ఆ కుర్చీలోనూ కూర్చున్నాను. రిఫండ్ గ్యారంటీ ఉందంటే షరతులు చూడండి. "అన్ని పాఠాలూ పూర్తి చేసి, యాడ్స్‌కు ఖర్చుపెట్టిన రుజువు చూపించాలి" అని ఉంటుంది. అంటే రిఫండ్ కోసం ఇంకా ఖర్చుపెట్టాలి. వాళ్లు నాన్చితే కార్డు ఇచ్చిన బ్యాంకులో లావాదేవీ మీద వివాదం నమోదు చేయించు. దానికి గడువుంటుంది, ఆలస్యం చేయొద్దు. ప్రకటన, వాట్సాప్ మెసేజ్‌లు, సెమినార్ పోస్టరు అన్నీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో, వాళ్లు తీసేసేలోపు.

కొత్త సభ్యురాలు

థాంక్స్ అండీ. ఒప్పందంలో "సంస్థ గురించి ఎక్కడా చెడుగా రాయకూడదు" అని కూడా ఉంది. ఇక్కడ రాసినందుకు ఏమైనా చేస్తారా?

సెక్షన్లు చదివేవాడు

ఇక్కడ మీరు ఎవరి పేరూ రాయలేదు, కంగారుపడకండి. అలాంటి నిబంధన చెల్లుతుందా లేదా అన్నది ఏ దేశపు చట్టం వర్తిస్తుందన్న దాన్నిబట్టి ఉంటుంది. అమెరికాలో 2016లో ప్రత్యేకంగా చట్టం తెచ్చారు, వినియోగదారు నిజాయితీగా రాసే సమీక్షను ఆపే షరతు అక్కడి ఫారం ఒప్పందాల్లో (అమ్మేవాడు ముందే రాసిపెట్టి, బేరానికి వీల్లేకుండా అందరికీ ఇచ్చేవాటిలో) చెల్లదు. మీరు మాత్రం పేరు పెట్టి రాసేముందు దగ్గర్లోని వకీలుకు ఆ కాగితం చూపించండి.

నిదానం

సొంతకాళ్లు గారు లేవనెత్తిన హాలు అద్దె మాట నన్ను కాస్త ఆలోచింపజేసింది. అందుకని ప్రతిపాదన మారుస్తున్నాను. సంతకం ఆ రోజే పెట్టించుకోండి, పేరు రాయించుకోండి, ఆఫర్ రేటు కూడా ఖాయం చేయండి. డబ్బు మాత్రం ఏడు రోజుల తర్వాత, కొనేవాడే తన ఇంట్లో కూర్చుని పంపాలి. మంచి మాస్టారుకు దీంతో నష్టమేముంది? నేర్చుకోవాలనే కోరిక వారం కూడా నిలవనివాడు ఎలాగూ రెండో వీడియో తెరవడు. అది మీరు చెప్పిన మాటే.

ఒక్కటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీరు కోర్సు కొన్నచోట ఆ "ఒక్కరోజు రేటు" ఇవాళ అడిగితే ఇస్తారా?

సొంతకాళ్లు

మంచి ప్రశ్నే. ఫోన్ చేసి అడిగాను, మా బావమరిదికి కావాలని చెప్పి. "ఆ ఆఫర్ ఎప్పుడో అయిపోయిందండీ, కానీ మీ రిఫరెన్స్ కాబట్టి ఇస్తాం, ఇవాళ సాయంత్రంలోపు కడితే" అన్నారు. నవ్వొచ్చింది.

అయినా నిషేధానికి నేను ఒప్పుకోను. ఏడు రోజుల తర్వాత కట్టే పద్ధతి పెడితే ఆ ఏడు రోజులూ మనిషికి రోజుకు నాలుగు ఫోన్లు వస్తాయి. హాల్లో పదిహేను నిమిషాల్లో అయిపోయే పోరు ఇంట్లో వారమంతా నడుస్తుంది. దానికేం చేస్తారు?

వెనక టేబుల్

అది నిజమే. ఆ ఫోన్ల షీటు ఇంకోటి ఉండేది, హాలు షీటు కన్నా పెద్దది. ఆ ఏడు రోజులూ అమ్మేవాడు ఫోన్ చేయకూడదని కూడా రాయాలి. నిదానం గారూ, మీ ప్రతిపాదనలో ఆ వాక్యం చేర్చండి.