సమస్యాపూరణం: ఎండ మండు వేళ బండి వణకె

నిర్వాహకుడు, పటమట

ఈ వారం సమస్య: ఎండ మండు వేళ బండి వణకె.

ఇది ఆటవెలది పద్యంలో నాలుగో పాదం, ముందు మూడు పాదాలు మీరు రాయాలి. చలికి వణకాలి గానీ ఎండకు వణకడమేమిటన్నదే చిక్కు. బెజవాడ మే నెలలో, పాత బండితో ఆ చిక్కు విప్పండి. పద్యంతో పాటు బండి ఎందుకు వణికిందో కూడా చెప్పాలి. కారణం చెప్పని పూరణకు సగం మార్కులే.

గణం తప్పని గవర్నర్‌పేట

ముందే ఒక సందేహం నిర్వాహకుడు గారూ. నాలుగో గణం "బండి". పాదం మొదట "ఎ". ఆ రెండు చోట్లా అక్షరాలు కుదరాలి కదా, యతి ఏదండీ?

నిర్వాహకుడు, పటమట

ప్రాసయతి మాస్టారూ, రెండో అక్షరాలు కలుస్తాయి. ఎండ, బండి. ఆటవెలదిలో చెల్లుతుంది కదా. మిమ్మల్ని పరీక్షిద్దామనే అలా పెట్టాను.

ఆటోనగర్ స్పానర్

చోకు లాగకుండ సొగసుగా గేరేసి
వీధికెక్కినంత బిగిసిపోయి
వేడి మనకు గాని వేడెక్కదింజను
ఎండ మండు వేళ బండి వణకె

కారణం: మనకు 43 డిగ్రీలంటే మాడిపోతున్నట్టు. ఇంజనుకు అది చల్లదనమే. అది కుదురుగా పనిచేసే వేడి 90 డిగ్రీల దగ్గర ఉంటుంది. కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపే భాగం) ఉన్న పాత మారుతి 800 కానీండి, అంబాసిడర్ కానీండి, పొద్దున తాళం తిప్పిన వెంటనే, చోకు (చల్లని ఇంజనుకు పెట్రోలు పాలు పెంచే మీట) లాగకుండా గేరేసి లాగితే ఎగిరెగిరి పడుతుంది.

నిర్వాహకుడు, పటమట

మూడో పాదం బాగా కుదిరింది. "వేడి మనకు గాని" అనడంలోనే సమస్య విడిపోయింది. "గేరేసి" వ్యావహారికమే అయినా ఆటవెలదికి ఆ మాట అందమే. మార్చొద్దు.

గణం తప్పని గవర్నర్‌పేట

పద్యానికి వంక పెట్టలేను, కారణానికి పెడతాను. మండుటెండలో చోకుతో పనేముంది తమ్ముడూ? పెట్రోలులోని తేలిక భాగాలు 40 డిగ్రీల లోపే మరగడం మొదలెడతాయి. చోకు జనవరి తెల్లవారుజామున కావాలి. మేలో చోకు లేక వణికే బండికి స్లో జెట్‌లో (కార్బురేటర్‌లోని సన్న పెట్రోలు రంధ్రం) మడ్డయినా ఉండాలి, ప్లగ్గయినా పోయి ఉండాలి.

ఆటోనగర్ స్పానర్

ఒప్పుకుంటాను గానీ సగమే. ఎండలో రోజంతా నిలబడ్డ బండికి కార్బురేటర్ గిన్నెలో పెట్రోలు ఆవిరైపోయి ఉంటుంది. పంపు దాన్ని మళ్ళీ నింపేదాకా సెల్ఫ్ తిప్పీ తిప్పీ చెయ్యి నొప్పి పుడుతుంది. అంటుకున్నాక కూడా పది ఇరవై సెకన్లు తడబడుతుంది. అప్పుడు చోకు సగం లాగితే పని జరుగుతుంది. అయితే చాలామంది లాగిన చోకు లోపలికి నెట్టడం మరిచిపోతారు, అసలు తంటా అక్కడే. ఎక్కువైన పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరను కడిగేసి కిందికి దిగి, ఛాంబర్‌లో ఆయిల్‌ను పలచన చేస్తుంది. మా షెడ్డుకు వచ్చే పాత బండ్లలో గేజి కర్ర తీసి వాసన చూస్తే పెట్రోలు కంపు కొట్టేవి ఎన్నో. ప్లగ్గులైతే కాటుక పెట్టినట్టు నల్లగా ఉంటాయి.

బెంజి సర్కిల్ బాటసారి

ఏసి వేయగానే ఇంజను బరువెక్కి
ఊపిరాడకుండ ఉసురుమనియె
బెంజి సర్కిలందు వెనుక హారను మోగ
ఎండ మండు వేళ బండి వణకె

గణం తప్పని గవర్నర్‌పేట

మొదటి పాదం మూడో గణం "గానే". రెండు గురువులు. సూర్యగణం (గురువు, లఘువు లేదా మూడు లఘువులు) కాదు. "ఏసి వేయగాను" అనండి, గురువు, లఘువు ఉన్న హగణం వస్తుంది. మిగతా అంతా శుభ్రంగా ఉంది.

నిర్వాహకుడు, పటమట

హారన్ మోత వినిపించింది నాకు! కారణం మాత్రం రాయలేదు మీరు. నేనే రాస్తా: బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజను మెల్లగా తిరుగుతుంటుంది, ఏసీ కంప్రెసర్ ఆ కాస్త బలాన్నీ లాక్కుంటుంది. ఏసీ వేసినప్పుడు ఐడిల్‌ను (ఆ నిలకడ వేగాన్ని) కొంచెం పెంచే అమరిక ఉంటుంది, పాత బండ్లలో దాని గొట్టం పగిలి ఉంటుంది. ఇంజను మౌంటింగ్ రబ్బర్లు కూడా అరిగితే స్టీరింగ్ దాకా వణుకు. మార్కులు సగమే.

యార్డు పక్కింటాయన, గుంటూరు

మిర్చి యార్డుకేగు మెట్టదారులయందు
టిక్కిమీద టిక్కి డెక్కు నిండ
తుమ్ములాపలేక తొట్రుపడెను చేయి
ఎండ మండు వేళ బండి వణకె

కారణం: ఘాటు. టిక్కి అంటే మిర్చి బస్తా.

నిర్వాహకుడు, పటమట

ఇంజనుతో సంబంధం లేదు, నియమం ప్రకారం తిరస్కరించాలి. కానీ రెండో పాదం చదివి గుమస్తా నుంచి జవాను దాకా అందరం నవ్వాం. ఉండనివ్వండి.

కృష్ణలంక కలం

పంపు వేడికెక్కి బాష్పమై పెట్రోలు
గొంతు దాటలేక గుటకపడక
తడిపినట్టి గుడ్డ తలపైన వేయగా
ఎండ మండు వేళ బండి వణకె

కారణం: పాత అంబాసిడర్లలో పెట్రోలు పంపు ఇంజను పక్కనే బిగించి ఉంటుంది. ఇంజను వేడికి పైపులోనే పెట్రోలు ఆవిరై బుడగ కడుతుంది. పంపు ద్రవాన్ని తోడగలదు గానీ ఆవిరిని తోడలేదు. బ్యారేజీ మీద మధ్యాహ్నం ఆగిపోయిన బండ్లకు డ్రైవర్లు చేసే వైద్యం ఒకటే, బానెట్ ఎత్తి పంపు మీద తడిగుడ్డ వేయడం. కాసేపటికి బుడగ కరిగి, ఒక్క వణుకు వణికి అంటుకుంటుంది. ఇంజెక్షన్ బండ్లలో పంపు ట్యాంకులోనే ఉండి ఒత్తిడితో నెడుతుంది కాబట్టి ఈ బాధ దాదాపు లేదు.

గణం తప్పని గవర్నర్‌పేట

తడిగుడ్డ వేస్తే వణికిందా! ఎండలోనే చలి తెప్పించారు. సమస్యలోని విరోధాన్ని ఇంత సూటిగా తీర్చింది ఇదొక్కటే. పెట్రోలు, బాష్పం ఒకే పాదంలో పక్కపక్కన కూర్చున్నా ఎబ్బెట్టుగా లేదు.

ఆటోనగర్ స్పానర్

అన్నా, గుడ్డ పంపు మీద మాత్రమే వేయాలి. కొందరు కంగారులో మరిగే ఇంజను మీద చెంబుడు నీళ్ళు కుమ్మరిస్తారు. ఇంజను హెడ్ పగిలితే తడిగుడ్డ ఖర్చుతో పోదు.

బ్రాడీపేట

పావుగంట సేపు వాకిట నిలబెట్టి
పొగను పంచె నాన్న పొరుగుకెల్ల
కదలలేదు గడప కాలెను పెట్రోలు
ఎండ మండు వేళ బండి వణకె

మా నాన్నగారి మీదే రాశాను. బండి వేడెక్కనిదే గేటు దాటనివ్వరు. వాకిట్లో పావుగంట నిలబెడితే వణకడం తప్ప ఇంజనుకు ఒరిగేదేమీ లేదు.

ఆటోనగర్ స్పానర్

నాన్నగారి అలవాటు పుట్టింది చోకుల కాలంలో తమ్ముడూ, అప్పుడు దానికి అర్థముంది. ఇంజను తిరిగిన కొద్ది సెకన్లలోనే ఆయిల్ ప్రెజర్ వచ్చి దీపం ఆరిపోతుంది. పాత బండికి అర నిమిషమో నిమిషమో ఇస్తే చాలు, తర్వాత మెల్లగా నడుపుతూనే వేడెక్కించాలి. నిలబెట్టి తిప్పితే ఇంజను ఆలస్యంగా వేడెక్కుతుంది. గేరుబాక్సు ఆయిలూ చక్రాల బేరింగుల గ్రీజూ బండి కదిలితేనే వేడెక్కేది. చల్లటి సైలెన్సర్‌లో నీళ్ళు చేరి తుప్పు ఒకటి. మీటరు ముల్లు కదిలేదాకా రేజ్ చేయకుండా, పై గేర్లలో బలవంతం చేయకుండా పోతే అంతకు మించి కావలసిందేమీ లేదు. పాత డీజిల్ బండయితే మాత్రం ఇంజనును ముందే వేడి చేసే గ్లో ప్లగ్ దీపం ఆరేదాకా ఆగి, అప్పుడు స్టార్ట్ చేయాలి.

నిర్వాహకుడు, పటమట

"పొగను పంచె నాన్న" దగ్గర ఆగిపోయాను. పద్యం మంచిదే. ఇంట్లో చూపించారా మరి?

బ్రాడీపేట

చూపించాను. ఆయన కూర్చున్నచోటే పాత డైరీలో పెన్సిలుతో రాసిచ్చారు. ఉన్నదున్నట్టు పెడుతున్నాను:

తాళమిచ్చినంత తనయుడు తొక్కెను
నూనె పైకి పాక నోచుకోక
కొడుకు దూకుడునకు గొణిగెను పిస్టన్లు
ఎండ మండు వేళ బండి వణకె

గణం తప్పని గవర్నర్‌పేట

గణాలు సరి. యతులు సరి. "నూనె పైకి పాక" చూశారా, అర నిమిషం ఎందుకాగాలో నాలుగు మాటల్లో చెప్పేశారు. మన స్పానర్ పేరా రాశాడు దానికి.

ఆటోనగర్ స్పానర్

నా ఓటు పెద్దాయనకే.

నిర్వాహకుడు, పటమట

విరోధం తీర్చినందుకు కృష్ణలంక కలానికి మొదటి స్థానం, పెద్దాయనకు రెండోది. బ్రాడీపేట తమ్ముడూ, బండి సంగతి ఏం తేల్చారు ఇంట్లో?

బ్రాడీపేట

తాళం ఆయన జేబులో ఉందండి.