అప్‌డేట్: చికాగోలో రెండు పోలిష్ చర్చిలు పక్కపక్కనే ఎందుకు?

చికాగోలో నాలుగడుగుల దూరంలోనే ఒకే పోలిష్ సమాజానికి చెందిన రెండు భారీ కేథలిక్ చర్చిలు ఎందుకున్నాయని ఇంతకుముందు అడిగాను. జనం ఎక్కువై రెండోది కట్టారని చాలామంది చెప్పారు. అది సగం నిజమే. చదివిన కొద్దీ అసలు గొడవ బయటపడింది.

మొదటిది 1867లో ఏర్పడిన సెయింట్ స్టానిస్లాస్ కోస్ట్కా. అప్పట్లో వలసవచ్చినవారికి వీధుల హద్దులను బట్టి కాక, భాషను బట్టి విచారణలు (పారిష్‌లు, అంటే ఒక్కో చర్చికి చెందిన భక్త సమాజాలు) ఏర్పడేవి. జర్మన్లకు ఒకటి, చెక్‌లకు ఒకటి, పోలిష్‌వారికి ఒకటి. 1890ల నాటికి ఈ ఒక్క విచారణలోనే దాదాపు 40,000 మంది ఉండేవారట. విచారణ అనాలో, ఊరనాలో!

రెండోది 1870లలో మొదలైన హోలీ ట్రినిటీ. మొదటి చర్చిని నడిపే రిసరక్షనిస్ట్ అనే కేథలిక్ సభ గురువుల పెత్తనం ఇక్కడి పోలిష్ జాతీయవాదులకు గిట్టలేదు. ఆస్తి ఎవరిది, గురువును ఎవరు నియమించాలి అన్న పట్టుదలలతో చర్చికి పలుమార్లు తాళం పడింది. చివరికి 1893లో పోపు ప్రతినిధి సతోల్లి వచ్చి తెరిపించి, హోలీ క్రాస్ అనే మరో కేథలిక్ సభ గురువులకు అప్పగించారు. ఇంటిపోరు తీర్చడానికి రోము నుంచి మనిషి రావాల్సి వచ్చిందన్నమాట.

చికాగోలోని పెద్ద రహదారి కెనడీ ఎక్స్‌ప్రెస్‌వే స్టానిస్లాస్ చర్చి గోడ పక్కగా ఒంపు తిరగడం గురించి కూడా ఒకరు అడిగారు. అవును, విచారణవాసులు పట్టుబట్టడంతో చర్చిని కూల్చకుండా దారినే జరిపారు.