క్వార్ట్‌జైట్ కొండవాలుకు ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి?

ప్రశ్న: తిరుమల ఘాట్ రోడ్డు పక్కనున్న క్వార్ట్‌జైట్ వాలులపై ఎం.టెక్. ప్రాజెక్టు చేస్తున్నాను. 2021 డిసెంబరులో బండలు విరిగిపడింది ఆ దారిలోనే. వాలు నిలుస్తుందా అని లెక్కించే స్లైడ్ సాఫ్ట్‌వేర్‌లో వృత్తాకార జారుడు తలం తీసుకుంటే భద్రతా గుణకం (జారకుండా ఆపే బలానికీ జార్చే బలానికీ నిష్పత్తి) 2 దాటుతోంది, దీన్ని నమ్మవచ్చునా?

జవాబు: నమ్మకండి. ఇంత గట్టి రాయి మట్టికట్టలా గుండ్రంగా తెగదు, పగుళ్ల వెంటే జారుతుంది; కనుక ముందు కొండ దగ్గరికి వెళ్లి ఒక్కో పగులు ఎంత కోణంలో, ఏ దిక్కుకు వాలి ఉందో కొలిచి, డిప్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో స్టీరియోనెట్ (పగుళ్ల దిశలను, వాలును ఒకే వృత్తంలో చూపే పటం) గీయండి. రెండు పగుళ్ల ఖండన రేఖ రోడ్డు వైపు వాలి, దాని కోణం కొండ ముఖపు కోణం కంటే తక్కువగానూ ఘర్షణ కోణం (పగులు మీద రాయి జారడం మొదలయ్యే వాలు) కంటే ఎక్కువగానూ ఉంటే, ఆ పగుళ్ల మధ్యనున్న రాతి ముక్క జారుతుందేమో ఎస్‌వెడ్జ్ అనే సాఫ్ట్‌వేర్‌లో పరిశీలించాలి.

మరో జవాబు: పగుళ్లలో నీటి పీడనం కూడా ఇవ్వండి, మీకు వచ్చిన గుణకం 2 బహుశా నీరు లేని పొడి వాలుది. విడి బండలు రోడ్డు దాకా దొర్లుతాయా అన్నది వేరే లెక్క, దానికి రాక్‌ఫాల్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది.