స్టుట్‌గార్ట్ ఆఫర్, బ్లూ కార్డ్: కుటుంబంతో వెళ్ళినవాళ్ళు చెప్పండి

బెజవాడ_జావా:
నమస్తే అండీ. జర్మనీలోని స్టుట్‌గార్ట్ కంపెనీ ఒకటి ఏడాదికి 52 వేల యూరోల గ్రాస్ ఇస్తామంది. బ్లూ కార్డ్ (డిగ్రీ ఉన్నవాళ్ళకి ఇచ్చే వర్క్ పర్మిట్) మీద వెళ్ళాలి. బీటెక్ 2014. పీసీ (ప్రొవిజనల్), సీఎంఎం (మార్కుల మెమో) ఉన్నాయి, ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) తీయలేదు. భార్య, నాలుగేళ్ళ పాప. ముగ్గురం ఒకేసారి వెళ్ళాలా, నేను ముందు వెళ్ళాలా? ఈ జీతం సరిపోతుందా? పాపకి కిండర్‌గార్టెన్ సీటు దొరుకుతుందా? జర్మన్ ఒక్క ముక్క రాదు. పది రోజుల్లో సంతకం పెట్టాలి.

మానేరు_కట్ట:
తమ్మీ, ముందుగాల ఓడీ సంగతి చూడు. నేను వీసా ఫైల్ల పీసీ పెట్టిన, అసలు పట్టా ఏదన్నరు. తత్కాల్‌ల పైసలు కట్టినా అది చేతికొచ్చేసరికి జాయినింగ్ డేట్ దాటింది, కంపెనీ ఇంకొకర్ని తీసుకుంది. ఆ బాధ ఇప్పటికీ పోలే. ఇంకోటి, అనబిన్‌ల (బయటి దేశాల డిగ్రీలు చెల్లుతయా లేదా చూపే జర్మనీ వెబ్‌సైట్) నీ కాలేజీ పేరు కొట్టి లేదని పరేషాన్ గాకు. పట్టా ఇచ్చిన యూనివర్సిటీ పేరు కొట్టు. దానికి హెచ్ ప్లస్ (గుర్తింపు ఉందన్న గుర్తు) ఉండాలె, నీ డిగ్రీ కూడా అండ్ల ఉండాలె. రెండూ ప్రింట్ తీసిపెట్టుకో. డిగ్రీ అండ్ల దొరక్కపోతే జడ్‌ఏబీకి (బయటి డిగ్రీలను పోల్చిచూసే జర్మనీ ఆఫీసు) 208 యూరోలు కట్టి కాగితం తెప్పించుకోవాలె.

నెక్కర్_గట్టు:
2025లో బ్లూ కార్డ్ కనీస జీతం ఏడాదికి 48,300 యూరోలు ఉండేది. ఐటీ లాంటి, మనుషుల కొరత ఉన్న పనులకి 43,759.80 ఉండేది. కార్డు వరకు మీకు ఇబ్బంది లేదు, ఇల్లు గడవడం వేరే లెక్క. భార్య ఇక్కడ ఉంటేనే పన్ను తక్కువ పడే మూడో ట్యాక్స్ క్లాస్. అప్పుడు నెలకి మూడు వేలకి అటూ ఇటూ చేతికొస్తుంది, పాపకి కిండర్‌గెల్డ్ (పిల్లల భత్యం) కూడా వస్తుంది, 2025లో అది 255. ఆవిడ ఇండియాలో ఉన్నన్నాళ్ళూ మీది ఒకటో క్లాసే. అద్దె కాల్ట్ (హీటింగ్ వగైరా కలపకుండా) చెప్తున్నారా, వార్మ్ (అవి కలిపి) చెప్తున్నారా అడగండి. డిపాజిట్ మూడు నెలల కాల్ట్ దాకా ఉంటుంది. చాలా ఇళ్ళలో స్టవ్, సింకు కూడా ఉండవు. మా ఆవిడ మొదటి రెండు నెలలు బాత్రూంలో గిన్నెలు కడిగింది.

అనకాపల్లి_బెల్లం:
అన్నిటికంటే ముందు పేర్లు చూసుకోండి. నా పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరు, పాప బర్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరే లేదు. పెళ్ళి సర్టిఫికెట్‌లో మా ఆయన ఇంటిపేరుకి ఒక అక్షరం తక్కువ కొట్టారు. ఆ ఒక్క అక్షరానికి మా ఇద్దరి వీసాలు ఐదు నెలలు ఆగాయి. ఆ ఐదు నెలలూ పాప వాళ్ళ నాన్నని ఫోన్లోనే చూసింది.

బ్లూకార్డ్_గురు:
పదకొండేళ్ళుగా ఇక్కడే ఉన్నాను. నలభై కుటుంబాల కాగితాలు నా చేతిమీదుగా వెళ్ళాయి. భార్య పాస్‌పోర్టు రీఇష్యూ చేయించి భర్త ఇంటిపేరు పెట్టించి మరీ బయల్దేరండి. జర్మన్లకి కుటుంబం అంటే ఒకటే పేరు.

అనకాపల్లి_బెల్లం:
తప్పు చెప్పకండి గురుగారూ. ఎవరి పేరు వాళ్ళు ఉంచుకోవచ్చని ఇక్కడి చట్టంలోనే ఉంది. మా వీసా ఆగింది స్పెల్లింగ్ తేడాకి, రెండు ఇంటిపేర్లున్నందుకు కాదు. సర్టిఫికెట్ దిద్దించాక నా పేరు మీదే వచ్చింది. నా డిగ్రీ, ఎక్స్‌పీరియన్స్ లెటర్లు అన్నీ పుట్టింటి పేరుతోనే ఉన్నాయి. మీ మాట విని మార్చేసుంటే ఆ డిగ్రీ నాదేనని ప్రతిచోటా రుజువు చేసుకుంటూ తిరగాలి కదా?

బ్లూకార్డ్_గురు:
చట్టం నాకు చెప్పక్కర్లేదమ్మా. వీసా కౌంటర్లో కూర్చున్నవాళ్ళకి విడమరిచి చెప్పేది మేము, మీరు కాదు.

అనకాపల్లి_బెల్లం:
ఆ కౌంటర్ ముందు నేనే కూర్చుని చెప్పాను, చంకలో పాపతో. మీరెవరూ రాలేదు.

నెక్కర్_గట్టు:
ఇద్దరూ శాంతించండి. పేర్లు రెండైతే రెండూ కాలింగ్ బెల్ మీద, పోస్ట్ బాక్స్ మీద రాయండి. నా పేరొక్కటే అంటించినందుకు మా ఆవిడ ఇన్సూరెన్స్ కార్డు రెండుసార్లు తిరిగిపోయింది.

నల్గొండ_సిస్టర్:
జర్మన్ ఒక్క ముక్క రాదన్న మాట ఒక్కరు పట్టించుకుంటలేరు. నేను నర్సును. ఆరేండ్లు ఐసీయూల చేసిన. జర్మన్ భాషల బీ2 (ఏ1 మొదటి మెట్టు, దాని మీద ఏ2, బీ1, బీ2) పాసై నర్సుగా గుర్తింపు వచ్చేదాక పది నెలలు అసిస్టెంట్ జీతానికి పడకలు సర్దిన. మీకు బ్లూ కార్డ్‌కు భాష అడగరు, మీ భార్యకు ఏ1 కూడ అడగరు. గని పర్మనెంట్ కార్డు ఏ1 ఉంటే 27 నెలలకు, బీ1 ఉంటే 21 నెలలకే వస్తది. ఇయ్యాల్నే క్లాసుల చేరుండ్రి.

బ్లూకార్డ్_గురు:
ఐటీలో ఇంగ్లిష్ చాలు. నర్సుల సంగతి వేరు.

నల్గొండ_సిస్టర్:
గట్ల తీసెయ్యకుండ్రి సార్. పిల్లకు అర్ధరాత్రి జ్వరమొచ్చి 116117కు (దవాఖానలు మూసినంక డాక్టర్ కోసం చేసే నంబరు) ఫోన్ చేస్తే ఐటీ అయినా నర్సయినా జర్మన్‌లనే అడుగుతరు.

మార్చిలో_తిరిగొచ్చా:
ఇంగ్లిష్ చాలనే నేనూ వెళ్ళాను. అయిదో నెలలో, ప్రొబేషన్‌లో ఉండగానే రెండు వారాల నోటీసిచ్చారు. పన్నెండు నెలలు బీమా కట్టుంటేనే నిరుద్యోగ భృతి, నాకు పైసా రాలేదు. ఇంకో ఉద్యోగం వెతుక్కోడానికి మూడు నెలలిచ్చారు. అరవై చోట్ల అప్లై చేస్తే ఎక్కువమంది అడిగింది జర్మనే. ఇంటి డిపాజిట్ ఇంకా రాలేదు, ఇప్పుడు గచ్చిబౌలిలో ఉన్నాను. ప్రొబేషన్ అయ్యేదాకా కుటుంబాన్ని తీసుకెళ్ళకండి.

నెక్కర్_గట్టు:
ఆరు నెలలు ఒంటరిగా ఉండడం కూడా చిన్న విషయం కాదు బ్రదర్. నేను ఉన్నాను, నాకు తెలుసు.

బెజవాడ_జావా:
ఓడీకి పొద్దున్నే డబ్బు కట్టాను. పెళ్ళి సర్టిఫికెట్ తీసి చూస్తే మా ఆవిడ పేరులో ఒక అక్షరం ఎక్కువుంది. కిండర్‌గార్టెన్ గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు.

అనకాపల్లి_బెల్లం:
ఏడాది నిండిన ప్రతి బిడ్డకీ సీటు హక్కు 2013 నుంచి ఉంది తమ్ముడూ, సీటు మాత్రం అంత తేలిగ్గా దొరకదు. మాకు పదకొండు నెలలు పట్టింది, అన్నాళ్ళూ నేను ఉద్యోగం వెతుక్కోలేకపోయాను. ఆన్‌మెల్డుంగ్ (ఇంటి అడ్రస్ నమోదు) అయిన రోజే సీటుకి దరఖాస్తు పెట్టండి. ఆన్‌మెల్డుంగ్‌కి ఇంటి ఓనరు సంతకం చేసిన కాగితం కావాలి. కొందరు ఇవ్వరు, అడిగాకే అడ్వాన్స్ ఇవ్వండి.

బ్లూకార్డ్_గురు:
మీ ఆవిడ పాస్‌పోర్టు ఎలాగూ చూస్తున్నారు కదా, అదే చేత్తో ఇంటిపేరు కూడా మార్పించండి.

బెజవాడ_జావా:
గురుగారూ, ఇదంతా తను కూడా చదివింది. మార్చుకోనంది. సోమవారం సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్ళి ఆ అక్షరం ఒక్కటీ తీయించుకొస్తాం.