గర్భం రాకుండా వాడే మాత్రల గురించి ఆన్‌లైన్ టూల్ ఒకటి చెప్పింది, డాక్టర్ ఇంకొకటి రాశారు. ఏం చేయాలి? (గుంటూరు)

లక్ష్మీపురం_అమ్మాయి

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

మా పాపకి అయిదో నెల. సిజేరియన్. పగలంతా నా పాలే, రాత్రి పడుకునే ముందు మాత్రం డబ్బా పాలు పడతాం. నాకు నెలసరి ఇంకా మొదలవలేదు. ఇంకో బిడ్డ కావాలి, కానీ మూడేళ్లు పోయాకే. మా ఆయనకి హైదరాబాద్‌లో ఉద్యోగం, రెండు వారాలకోసారి శనివారం వస్తారు. అత్తగారేమో "పాలిస్తున్నావుగా, ఏం కాదులే" అంటారు. మా అమ్మ లెక్క వేరు: వెంటనే రెండోది కూడా కనేసి ఆపరేషన్ చేయించుకుంటే ఒక పని అయిపోతుందట!

క్లినిక్‌కి వెళ్తే గంటన్నర కూర్చోబెట్టి, లోపల రెండు నిమిషాల్లో "రోజూ ఒకటి వేసుకో" అని మాత్రలు రాసిచ్చారు. ఏమీ అడగలేదు. ఇంటికొచ్చాక ఫ్రెండ్ ఒక లింక్ పంపింది. గర్భం రాకుండా ఏ పద్ధతి వాడాలో ఎంచుకోవడానికి అమెరికా వాళ్లు తయారు చేసిన టూల్. మళ్లీ పిల్లలు ఎప్పుడు కావాలి, రోజూ గుర్తు పెట్టుకోగలవా, నెలసరి తేడా వస్తే ఇబ్బందా, ఇంట్లో ఎవరికీ తెలియకూడదా... ఇలా వరసగా అడుగుతుంది. నా జీవితంలో ఈ ప్రశ్నలు ఎవరూ అడగలేదు. మధ్యలో, తలనొప్పికి ముందు కళ్ల ముందు మెరుపులు వస్తాయా అని ఒకటి వచ్చింది. నాకు ఇంటర్ నుంచీ ఉంది. చదువుతున్న పేజీలో ఎడమ పక్క అక్షరాలు మాయమవుతాయి, వంకర టింకరగా మెరిసే గీత ఒకటి మెల్లగా పక్కకి పాకుతుంది, ఓ ఇరవై నిమిషాలకి అది పోయి నొప్పి అందుకుంటుంది. "అవును" నొక్కగానే నాకు రాసిన రకం మాత్రలు లిస్టులోంచి ఎగిరిపోయాయి.

ఫోన్ తీసుకెళ్లి చూపించబోతే డాక్టర్ గారు చూడనే లేదు. "అన్నీ నెట్‌లో చూసుకుంటే ఇక మేమెందుకమ్మా" అన్నారు. మాత్రల స్ట్రిప్పు ఇంకా విప్పలేదు. ఎవరి మాట వినాలి? పోనీ ఆ లిస్టులో ఉన్నవి కొందామా అంటే డయాఫ్రమ్ (లోపల అడ్డుగా పెట్టుకునే కప్పు లాంటిది) అని ఉంది. అరండల్‌పేటలో మెడికల్ షాపు అబ్బాయి నన్ను ఎగాదిగా చూశాడు.

కృష్ణలంక_కుర్రోడు

ఇలాంటివి ఫోన్‌లో తేలవండి. డాక్టర్ నచ్చకపోతే ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్లండి, గుంటూరులో డాక్టర్లకి కరువా?

బెజవాడ_సిస్టర్

తమ్ముడూ, ఇంకో డాక్టర్ దగ్గర కూడా ఆ రెండు నిమిషాలే అయితే? ఆ అమ్మాయి అడిగేది అది కాదు.

అమ్మాయ్, నేను విజయవాడలో స్టాఫ్ నర్సుని. కుటుంబ నియంత్రణ కౌన్సెలింగ్‌లో చాలా ఏళ్లు చేశాను. ముందు ఆ స్ట్రిప్పు విప్పొద్దు. నువ్వు చెప్పినటువంటి తలనొప్పి ఉన్నవాళ్లకి ఈస్ట్రోజన్ అనే హార్మోన్ ఉన్న మాత్రలతో పక్షవాతం ముప్పు పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎవరికి ఏ పద్ధతి పనికొస్తుందో 1 నుంచి 4 దాకా వర్గాలు చేసింది. నీలాంటి తలనొప్పికి ఆ మాత్రలు 4, అంటే వాడకూడదు. పైగా బిడ్డకి ఆరు నెలలు నిండక ముందు పాలిచ్చే తల్లికి అవే మాత్రలు 3, అంటే సాధారణంగా ఇవ్వరు. టూల్ ఆ మాత్రలు తీసేయడం సరైనదే.

కానీ డాక్టర్‌కి ఫోన్ చూపించకు. టూల్ అన్నావంటే నీ తలనొప్పి పక్కకి పోయి మాట నెట్ మీదికి మళ్లుతుంది. "నాకు తలనొప్పికి ముందు చూపు ఇలా అవుతుంది. ఈ మాత్రల్లో ఈస్ట్రోజన్ ఉందా, నాకు పడుతుందా?" అని అడుగు. ఒంట్లో బాధ చెబితే ఏ డాక్టరూ కొట్టిపారేయరు. నీకు ఆ టూల్ చేసిన మేలు అదే. జవాబు సంగతి అటుంచు, నీ నోట రావాల్సిన మాటేదో తెలిసింది కదా.

మీ అత్తగారి మాటలో సగం నిజం ఉంది. బిడ్డకి ఆరు నెలల లోపు, నెలసరి రాకుండా, రాత్రీ పగలూ తల్లిపాలే పడుతుంటే గర్భం వచ్చే అవకాశం చాలా తక్కువ. ఈ మూడూ ఉండాలి. మీరు రాత్రి డబ్బా పాలు పడుతున్నారు కాబట్టి ఆ లెక్క తప్పిపోయింది. నెలసరి రాకముందే అండం విడుదల కావచ్చు, అంటే ఒక్క నెలసరి కూడా చూడకుండానే మళ్లీ గర్భం రావచ్చు. అలా వచ్చినవాళ్లని నేను చాలామందిని చూశాను.

ఇక ఆ టూల్‌కి తెలియని సంగతి. ఛాయ మాత్ర పేరు అందులో ఉండి ఉండదు. లక్నోలోని సీడీఆర్‌ఐ (కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ) వాళ్లు కనిపెట్టిన గర్భనిరోధక మందు, వాడకమంతా దాదాపు మన దేశంలోనే. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఛాయ పేరుతో ఉచితంగా ఇస్తారు, మెడికల్ షాపుల్లో సహేలీ అని అడగాలి. ఇందులో హార్మోన్ లేదు, పాలిచ్చేవాళ్లూ వాడొచ్చు. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. నెలసరి ఆలస్యమవుతుంది. ఈ ముక్క ముందే చెప్పకపోతే ఆడవాళ్లు టెన్షన్ పడి మానేస్తారు. పీసీఓఎస్ (అండాశయాల్లో నీటి తిత్తుల సమస్య) ఉన్నా, ఈమధ్య కామెర్లు వచ్చినా వద్దు.

గర్భసంచిలో పెట్టే కాపర్-టీ అయిదేళ్లదీ పదేళ్లదీ ఉన్నాయి. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీయించుకోవచ్చు, తీయగానే గర్భం రావచ్చు. మొదటి కొన్ని నెలలు నెలసరి ఎక్కువ, కడుపులో నొప్పి. అది గుండెల్లోకి పాకుతుందనే మాట నమ్మకు. గర్భం రాకుండా ‘అంతర’ అనే ఇంజెక్షన్ కూడా ఉంది, మూడు నెలలకోసారి. మానేశాక మళ్లీ గర్భం రావడానికి నెలలు పట్టొచ్చు. నీ తలనొప్పికి అది సరిపడుతుందో లేదో డాక్టర్‌నే అడుగు.

ఇంకో మాట. మీ ఆయన రెండు వారాలకోసారి వస్తారని ఆ టూల్ అడిగిందా? అడిగి ఉండదు. నా ఎదురుగా కూర్చుంటే నేను అడిగే మొదటి ప్రశ్న అదే. ఆ రెండు రోజుల కోసం నెలంతా మాత్ర మింగడం నీకు ఇష్టమా, లేక ఆయనే నిరోధ్ వాడితే సరిపోతుందా? ఇది నువ్వూ ఆయనా కూర్చుని తేల్చుకోవాలి.

మన దగ్గర ఈ సంభాషణే జరగదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లైన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్ల ఆపరేషన్ ఒక శాతం కూడా లేదు. ఇద్దరు పుట్టారా, ఆపరేషన్. అంతే కౌన్సెలింగ్. మీ అమ్మగారిని ఏమనగలం, వాళ్లకి ఎవరూ ఇంకో దారి చెప్పలేదు.

ఆటోనగర్_టెస్టర్

సిస్టర్ గారు మందుల సంగతి చెప్పేశారు, నేను సాఫ్ట్‌వేర్ సంగతి చెబుతా. ఇలాంటి టూల్స్‌లో కొన్ని డాక్టర్ గదిలోకి వెళ్లక ముందు, బయట కూర్చున్నప్పుడు ట్యాబ్‌లో నింపడానికి చేసినవి. శాన్‌ఫ్రాన్సిస్కోలో యూనివర్సిటీ వాళ్లు చేసిన ‘మై బర్త్ కంట్రోల్’ అలాంటిదే. దాని మీద చేసిన అధ్యయనం 2019లో వచ్చింది. ఎంచుకున్న పద్ధతిని 7 నెలల తర్వాత కూడా వాడుతున్నారా అన్న దగ్గర పెద్ద తేడా రాలేదు. కానీ పద్ధతుల గురించి వాళ్లకి ఎక్కువ తెలిసింది, డాక్టర్‌తో మాట బాగా సాగిందని చెప్పారు. టూల్ నుంచి నేనైతే అంతకు మించి ఆశించను.

పీరియడ్ ట్రాకర్ యాప్‌లలో పచ్చరంగు వేసి చూపించే సేఫ్ డేస్‌ని మాత్రం దీంతో కలపొద్దు. మీకు నెలసరే మొదలవలేదు, అది దేన్ని లెక్కేస్తుంది? ఫోన్ నంబరు, పేరు అడిగే యాప్ అయితే అసలు నింపకండి. ఇంట్లో అందరూ వాడే ఫోన్ అయితే హిస్టరీ తీసేయండి, స్క్రీన్‌షాట్లు గ్యాలరీలో పెట్టకండి. మా ఇంట్లో మరిది చేతికి దొరికాయి, ఆ గోల వేరే.

లక్ష్మీపురం_అమ్మాయి

అక్కా, చాలా థ్యాంక్స్. నిజమే, మా ఆయన వచ్చిపోయే సంగతి టూల్ అడగలేదు. నిన్న రాత్రి ఫోన్‌లో ఆయనతో మొదటిసారి ఇవన్నీ మాట్లాడాను. నిరోధ్‌కి సరే అన్నారు, కాకపోతే అత్తగారికి కనపడకుండా ఎక్కడ పెట్టాలి అన్నదే ఆయన బెంగ! నాకు మాత్రం దానితో పాటు ఇంకోటి కూడా ఉంటే బాగుండనిపిస్తోంది. ఛాయ గురించి అడుగుతా. డాక్టర్ రాసిన మాత్రల్లో ఈస్ట్రోజన్ ఉందో లేదో నాకు ఎలా తెలుస్తుంది?

బెజవాడ_సిస్టర్

స్ట్రిప్పు వెనక సన్న అక్షరాల్లో ఇథినైల్ ఎస్ట్రడయాల్ అని ఉందేమో చూడు. ఉంటే అదే.

లక్ష్మీపురం_అమ్మాయి

ఉంది అక్కా. 0.03 మిల్లీగ్రాములు అని రాసుంది.

బెజవాడ_సిస్టర్

అయితే సోమవారం ఆ స్ట్రిప్పు, తలనొప్పి ఎప్పుడెప్పుడు వచ్చిందో రాసిన కాగితం పట్టుకెళ్లు. గర్భం లేదని టెస్టు చేశాకే ఛాయ మొదలుపెడతారు. ఈలోపు శనివారం వస్తే నిరోధ్ తప్పనిసరి. ఒకవేళ అది చిరిగితే 72 గంటల లోపు వేసుకునే మాత్ర ఉంది, ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. అది ఎప్పుడో ఒకసారికే, ప్రతి నెలా వాడేది కాదు.