గ్రెయిన్ ఫ్రీ ఫుడ్‌లో పప్పులు ఎక్కువుంటే కుక్కకి సేఫేనా?

ప్రశ్న: మా గోల్డెన్ రిట్రీవర్‌కి గ్రెయిన్ ఫ్రీ ఫుడ్ (బియ్యం, గోధుమ లాంటి ధాన్యాలు లేనిది) పెడుతున్నాం, ప్యాకెట్ వెనక చూస్తే బఠానీలు, మసూర్ పప్పు, శనగలు అన్నీ మొదట్లోనే ఉన్నాయి. వీటివల్ల గుండె జబ్బు వస్తుందని విన్నప్పట్నుంచి భయంగా ఉంది, మానేయాలా?

రిప్లై 1: పప్పు విషమేం కాదండీ. 2018లో అమెరికాలో ఎఫ్‌డీఏ (ఆహారం, మందుల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ) వాళ్లు కుక్కల్లో డీసీఎం కేసుల మీద ఎంక్వైరీ మొదలుపెట్టారు. డీసీఎం అంటే గుండె కండరం సాగిపోయి రక్తం సరిగ్గా పంప్ చేయలేకపోయే జబ్బు. ఆ కుక్కల్లో చాలావరకు బఠానీలు, పప్పులు ఎక్కువున్న గ్రెయిన్ ఫ్రీ ఫుడ్డే తింటున్నాయి. పప్పే కారణమని మాత్రం తేలలేదు. అయినా మీది గోల్డెన్ కాబట్టి నేనైతే తేలిగ్గా తీసుకోను, ఈ బ్రీడ్‌లో టౌరిన్ (గుండెకి కావాల్సిన ఒక పోషకం) తగ్గి కూడా డీసీఎం వస్తుంది. వెట్‌ని అడిగి ఫుడ్ మార్చండి.

రిప్లై 2: లేబుల్లో బఠానీ, బఠానీ ప్రోటీన్, బఠానీ పీచు అని విడివిడిగా రాస్తారు చూడండి, అన్నీ కలిపితే మాంసం కన్నా ఎక్కువే అవ్వచ్చు. ఇంట్లో మెత్తగా ఉడికించిన పప్పు ఎప్పుడైనా ఒక స్పూన్ పెడితే పర్లేదు, ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి మాత్రం అస్సలొద్దు.

ప్రశ్న అడిగినవారు: థ్యాంక్సండీ. ఈమధ్య కాస్త నడిస్తేనే ఆయాసపడుతున్నాడు, పొడి దగ్గు కూడా ఉంది, దీనికీ సంబంధం ఉందా?

రిప్లై 1: ఉండొచ్చు, ఇక ఆగకండి. ఇవాళే తీసుకెళ్లి గుండెకి ఎకో (స్కాన్), టౌరిన్ బ్లడ్ టెస్ట్ చేయించండి, ప్యాకెట్ కూడా పట్టుకెళ్లి డాక్టర్‌గారికి చూపించండి. ఫుడ్ వల్ల వచ్చిందైతే త్వరగా పట్టుకుంటే చాలా కుక్కలు కోలుకుంటాయి.